తాడు చేతిలో ఉండగా

తాళ్లక్క అంటే ఆ ఆటల హాల్లో అందరికీ హడలే. పదకొండేళ్లు తాడు మీద వేలాడుతూ ఎత్తైన భవనాలకు రంగులేసిన మనిషి. కట్టుకున్నవాడు ఒక్కసారి చెయ్యెత్తితే వాడి పళ్లు రాలగొట్టి, కట్టుబట్టలతో బయటికి వచ్చేసింది. నోరూ చెయ్యీ రెండూ దురుసే, దాచుకోవడం దేనికి!

ఇప్పుడు పిల్లలు ఎక్కే గోడ దగ్గర ఆమెకు పని. తాడు ఒక కొస పిల్ల నడుముకు ఉంటుంది. పైన కప్పీ మీదుగా దిగిన రెండో కొస ఈమె చేతుల్లో ఉంటుంది. ఈమె వదిలితే పిల్ల కింద పడుతుంది, అంతే.

బళ్లకు వసంతకాలం సెలవులిచ్చారు కదా, ఊళ్లోని సంసారాలన్నీ అక్కడే దిగాయి. ఒకటే గోల. ఆ మధ్యాహ్నం ఒక భారీ మనిషి తన కూతుర్ని ఎక్కించాడు. ఏడేళ్లుంటాయేమో. గోడ చివరనున్న గంటకు బారెడు దూరంలో పిల్ల బిగుసుకుపోయి ఏడుపు లంకించుకుంది.

"దించెయ్యి ఆంటీ!"

"దించావంటే చూడు!" తండ్రి అరిచాడు. "అందరి పిల్లలూ గంట కొట్టారు, దీనికేం రోగం?"

"అంత సరదాగా ఉంటే నువ్వెక్కవయ్యా," అంటూ తాళ్లక్క తాడు జార్చసాగింది.

వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వే కొంప ముంచింది. తండ్రి పిడికిలి తాళ్లక్క చెంప మీద పడింది. రెండోది ముక్కు మీద. రక్తం బొటబొటా కారింది. ఇంకొకరైతే ముఖానికి చేతులు అడ్డం పెట్టుకునేవాళ్లు. ఆమెకు చేతులెక్కడివి? జానెడు జానెడు చొప్పున పిల్లను దించుతూనే ఉంది. వాడు జుట్టు పట్టి ఆమె తలను గోడకేసి బాదాడు. "అయ్యో, ఆపండయ్యా!" అని అరిచారే తప్ప ఎవడూ అడ్డం వెళ్లలేదు. ఫోన్లు మాత్రం పైకి లేచాయి. ఛీ, ఏం మనుషులు!

"కిందికి చూడకమ్మా, కాళ్లు గోడకు ఆనించు, వచ్చేశావు," అంది తాళ్లక్క, నోట్లో రక్తం ఉమ్మేసి.

పిల్ల కాళ్లు నేలకు తగిలాయి. తాళ్లక్క పిల్ల నడుము దగ్గరి తాడు కొక్కెం విప్పింది. చేతులు ఖాళీ అయ్యాయి.

ఇక చూడాలి! ఒక్క గుద్దుకు వాడు వెల్లకిలా పడ్డాడు. ఛాతీ మీద కూర్చుని ఇంకోటి ఇచ్చింది, మరోటి ఇచ్చింది. కసి తీరలేదు. మళ్లీ పిడికిలి ఎత్తి, ఎందుకో పక్కకు చూసింది. పిల్ల మూలకు నక్కి, రెండు చేతులూ తలకు అడ్డం పెట్టుకుని ఉంది. భయం తండ్రిని చూసి కాదు, తాళ్లక్కను చూసి.

"నిన్ను కాదు తల్లీ, నిన్నెందుకు కొడతాను?"

పిల్ల చేతులు దించలేదు.

"ఇంకెప్పుడూ ఏడవను ఆంటీ, మళ్లీ ఎక్కుతాను," అంది.