వీరగల్లుకు ఆముదం పూయని దసరా

మా చిన్నప్పుడు... విజయదశమి రోజున మా పెదనాన్న గుర్రమెక్కేవాడు. నవ్వకండి, నిజంగానే ఎక్కేవాడు! తలకు ఎర్ర రుమాలు చుట్టుకొని, నడుముకు పాత కత్తి కట్టుకొని, మీసం మెలేసి... గుర్రం మాత్రం బాగేపల్లి జట్కావాడిది. దారిలో ఎవరైనా చెయ్యి ఊపితే చాలు, గిరాకీ వచ్చిందనుకొని ఠక్కున ఆగిపోయేది. పెదనాన్న ఎంత అదిలించినా కదిలేది కాదు.

(నేను చెబుతుంటే మనవరాలు టైపు చేస్తోంది. కోపంలో ఏమైనా అంటే సర్దుతానంది. ఏమీ సర్దొద్దే, ఉన్నదున్నట్టు రాయి అన్నాను.)

ఆ గుర్రం వెళ్ళేది ఊరి మొదట్లో ఉన్న వీరగల్లు దగ్గరికి. వీరగల్లంటే పోరాటంలో చచ్చిన మనిషి గుర్తుగా నిలబెట్టిన రాయి. మా రాయి మీద గుర్రపు రౌతు, చేతిలో కత్తి, వెనక బిడ్డనెత్తుకున్న ఆడమనిషి. పాళెగాళ్ళ కాలంలో ఊరూ పేరూ తెలియని ఒక ఆడమనిషి శరణంటే, ఆమెను పట్టుకుపోవడానికి వచ్చిన దండుకు ఒక్కడే ఎదురు నిలిచి ప్రాణం విడిచాడట. ఆయన మా వంశంవాడు. అందుకని ఏటా మా మగవాళ్ళు ఆ రాయి మీద చెయ్యి పెట్టి ఒట్టు పెట్టుకోవాలి... "ఆడదాని మింద చెయ్యెత్తం. ఈ రాయి పట్టుకొని శరణన్నోళ్ళని ఇడువం."

ఒట్టుకు ముందు రాయికి నిలువెల్లా ఆముదం పూయాలి. పూయకపోతే ఒట్టు చెల్లదు. ఆ ఆముదం మా అవ్వ, అంటే పెదనాన్న తల్లి, తన చేత్తో వండాలి. గింజలు వేయించి, దంచి, ఉడకబెట్టి... పొగకు ఆమె కళ్ళు రెండు రోజులు ఎర్రగా ఉండేవి. ఒట్టు వేళకు మాత్రం ఆడవాళ్ళు దూరంగా నిలబడాలి.

ఇంగ్లీషు దేశంలో కూడా గుర్రపు వీరులుండేవారనీ, ఆడవాళ్ళను కాపాడతామని ఒట్టు పెట్టుకునేవారనీ బడిలో మేష్ట్రు చెప్పినప్పుడు నాకెంత గర్వమో! అట్లాంటివాళ్ళు మా ఇంట్లోనే ఉన్నారు కదా అనుకున్నాను. పిచ్చిదాన్ని.

నాకప్పుడు ఎనిమిదేళ్ళనుకుంటాను... ఆ దసరాకు ఒట్టు సగంలో ఉండగా మా నారాయణమ్మత్త వచ్చింది. పెదనాన్నకూ మా నాన్నకూ ఒక్కగానొక్క చెల్లెలు. మండికల్లు వైపు ఇచ్చారు. పేరేసంద్ర దాకా నడిచి, అక్కడ బొగ్గుతో నడిచే ఆనాటి బొగ్గుబస్సు ఎక్కి వచ్చిందట. పెదవి చిట్లి ఉంది. ఎవరినీ పలకరించకుండా నేరుగా వెళ్ళి రాయిని కావలించుకుంది. చీరంతా ఆముదమైంది.

"శరణన్నా! ఆయప్ప దినామూ కొడతాండాడు. నన్ను ఆ ఇంటికి పంపించొద్దు."

పెదనాన్న చెయ్యి ఇంకా రాయి మీదే ఉంది. "ఆ మాట బయటోళ్ళకమ్మా," అన్నాడు. "ఇంటి ఆడబిడ్డకు శరణేంది? నీకు మొగుడుండాడు."

"పెండ్లిచేసి పంపేటప్పుడు నువ్వింక ఆ ఇంటిదానివి అంటివి కదన్నా? అట్లయితే నేనూ బయటిదాన్నే!"

ఒక్క మగాడు నోరెత్తలేదు. మా నాన్న కూడా! ఈ వయసులోనూ ఆ మాట చెప్పాలంటే నాకు సిగ్గుగా ఉంటుంది. అత్త వేళ్ళను ఒక్కొక్కటే రాయి మీద నుంచి ఊడదీశారు. చేతులు జారిపోతున్నా మళ్ళీ మళ్ళీ పట్టుకుంటోంది...

మధ్యాహ్నానికి ఆమె మొగుడు, ఆ మహానుభావుడు, వెతుక్కుంటూ వచ్చాడు. అల్లుడు కదా! కాళ్ళకు నీళ్ళిచ్చారు, పీట వేశారు, ఓళిగల మీద, అంటే బొబ్బట్ల మీద, నెయ్యి పోశారు. తర్వాత పెదనాన్న ఊరేగిన గుర్రాన్నే జట్కాకు కట్టి అత్తను ఎక్కించి పంపేశారు. థూ!

ఆ రోజు మా అవ్వ అన్నం ముట్టలేదు. అంతకుమించి ఏమీ చేయలేదని ఆమె మీద కూడా నాకు ఏడాదంతా కోపమే.

మరుసటి ఏడు పండగ ముందురోజు పొద్దున్నే అత్త మళ్ళీ వచ్చింది. ఈసారి రాయి దగ్గరికి పోలేదు. పెరటి తలుపు తట్టింది. అవ్వ తలుపు తీయగానే కొంగు జరిపి వీపు చూపించింది. నేనూ చూశాను... అది ఎట్లా ఉందో చెప్పలేను. అవ్వ రాయికోసం వండిన ఆముదాన్ని గోరువెచ్చగా కాచి, పసుపు కలిపి, కూతురి వీపుకూ భుజాలకూ పూసింది. మిగిలిందంతా తలకు అంటింది. ముంత కడిగి బోర్లించింది.

మరునాడు పెదనాన్న రుమాలు చుట్టుకొని వంటింటి గడప దగ్గరికి వచ్చాడు.

"ఆముదం యాడమ్మా?"

"లేదప్పా. నీ చెల్లెలి ఈపుకు పూసేసినా."

"రాయికి పెట్టింది మనిషికి పూస్తావా! వంశానికి అరిష్టం కాదా?"

"రాయికి నొప్పి లేదులేప్పా, దీనికుండాది. ఇది ఇంక యాడికీ పోదు. పంపించాల్నంటే జట్కాలో నన్నూ ఎక్కించు."

ఆ ఏడు ఒట్టు లేదు. గుర్రం వాకిట్లో చాలాసేపు నిలబడి వెళ్ళిపోయింది. పెదనాన్న ఆరు నెలలు అవ్వతో మాట్లాడలేదు. అత్త మాత్రం మా ఇంట్లోనే ఉండిపోయింది. నాకు జడలు వేసింది, లెక్కలు నేర్పింది, నా పిల్లలకు నీళ్ళు పోసింది.

ఇప్పుడా రాయికి ఇనుప కంచె, రంగుల దీపాలు. మొన్న మా పెదనాన్న మునిమనవడు అక్కడ కత్తి పట్టుకొని ఫోటో దిగి ఇక్కడే పోస్టు పెట్టాడు. "శరణన్న ఆడదాన్ని విడువని వంశం మాది" అట! కింద అందరూ దండాలు. చూడగానే ఒళ్ళు మండిపోయింది.

విడిచారు నాయనా. నా కళ్ళారా చూశాను.

జట్కాలు పోయాయి, బొగ్గుబస్సులు పోయాయి, ఇంట్లో ఆముదం వండేవాళ్ళూ పోయారు... ఈ గొప్పలు మాత్రం పోలేదు. మీ వంశంలో కత్తి పట్టినవాళ్ళ పేర్లు నాకొద్దు. దెబ్బలు తిని వచ్చిన ఆడబిడ్డకు మీ ఇంట్లో తలుపు తీసింది ఎవరు? ఆమె పేరు కింద రాయండి.

మా అవ్వ పేరు సుబ్బమ్మ.