మేనమామకు తీసిన గేటు

గుణదల కొండ వెనక సందులో ఆడపిల్లల హోమ్ ఒకటుంది. దానికి బోర్డు లేదు, కావాలనే పెట్టలేదు. ఇల్లు వదిలి పారిపోయి వచ్చి స్టేషన్లోనో బస్టాండులోనో దొరికిన పిల్లల్ని, ఎక్కడికి పంపాలో పిల్లల సంక్షేమ కమిటీ తేల్చేదాకా అక్కడ కొన్నాళ్లు ఉంచుతారు. నడిపేది సిస్టర్ స్టెల్లా. పిల్లలకు వండేదీ, తిట్టేదీ, జ్వరమొస్తే పక్కన పడుకునేదీ మాత్రం తెరేసమ్మే.

తెరేసమ్మ మనిషి గట్టిది, నోరు అంతకంటే గట్టిది. భర్త పోయాక ఆసుపత్రిలో ఆయాగా కొన్నాళ్లు చేసి ఇక్కడికొచ్చింది, ఇక కదల్లేదు. కొత్త పిల్ల వస్తే ముందు స్నానానికి తోలుతుంది. తలకు నూనె రాసి పేలు చూస్తుంది. వేడన్నంలో పప్పూ నెయ్యీ కలిపి ముందు పెడుతుంది. "ఎందుకొచ్చావే?" అని మాత్రం అడగదు. చెప్పాలనిపించినప్పుడు వాళ్లే చెబుతారని ఆవిడ పద్ధతి. మంచి పద్ధతే, కాదనను. ఉషశ్రీ దగ్గర అదే కొంప ముంచింది.

ఉషశ్రీది అవనిగడ్డ దగ్గర ఓ పల్లె. పదహారేళ్ల పిల్ల. బస్సెక్కి విజయవాడ వచ్చేసి, ఏ రైలెక్కాలో తెలియక ప్లాట్‌ఫారం మీద కూర్చుండిపోతే హెల్ప్‌లైన్ వాళ్లు తీసుకొచ్చారు. ఇంట్లో పెళ్లి చేసేస్తున్నారని ఒక్క మాట చెప్పింది. ఎవరితో అని సిస్టర్ అడిగితే పెదవి విప్పలేదు. తల్లి రావమ్మకు ఫోన్ చేస్తే, పెళ్లీ లేదు గిళ్లీ లేదు, మార్కులు తక్కువొచ్చాయని నాలుగు మాటలంటే అలిగిపోయిందని ఏడ్చింది. ఇక తేల్చాల్సింది సోమవారం కూర్చునే కమిటీ. అక్కడ పిల్ల తన నోటితో చెబితే ఇంటికి పంపరు, హాస్టల్లో పెట్టి చదివిస్తారు. చెప్పకపోతే తల్లి వెంట పంపక తప్పదు.

శుక్రవారం సాయంత్రం తెరేసమ్మ డాబా మీద ఆరిన బట్టలు తీస్తుంటే ఆ పిల్ల తనంతట తానే దగ్గరకొచ్చింది.

"ఆంటీ, సోమవారం అంతా చెప్పేస్తానండి. మీరు నా పక్కన కూర్చుంటారా?"

"కూర్చోక ఎక్కడికి పోతానే? ముందు ఆ దుప్పటి కొస పట్టుకో."

పైకి అలా కసురుకుంది గానీ, లోపల ఆవిడ సంతోషం ఇంతా అంతా కాదు. ఆ రాత్రి జపమాల చెప్పుకుంటూ ఆ పిల్ల పేరే తలుచుకుంది.

శనివారం సిస్టర్ పని మీద నూజివీడు వెళ్లింది. మధ్యాహ్నం గేటు దగ్గర ముప్పై ఏళ్ల మనిషొకడు నిలబడ్డాడు. ఉతికిన చొక్కా, చేతిలో బందరు హల్వా పొట్లం.

"నమస్కారమండి. ఉషశ్రీ మేనమామనండి, కిరీటి అంటారు. ఆటోనగర్లో మెకానిక్ షెడ్డుందండి నాకు. మా అక్క అన్నం కూడా ముట్టట్లేదండి. పిల్లని ఒక్కసారి కళ్లారా చూసి, ఇదిచ్చేసి వెళ్లిపోతాను."

ఎవరొచ్చినా ముందు పిల్లని అడగాలి, ఫలానా మనిషొచ్చాడు, చూస్తావా అని. సరేనంటేనే గేటు తీయాలి. కన్నతండ్రికైనా అదే రూలు. తాగొచ్చిన తండ్రుల్ని, దండాలు పెట్టిన బాబాయిల్ని తెరేసమ్మ ఆ గేటు దగ్గరే నానా తిట్లూ తిట్టి పంపించింది. కానీ వచ్చినవాడు మేనమామ! తండ్రి లేని తెరేసమ్మను పెంచింది మేనమామ శౌరయ్యే. భుజాన ఎక్కించుకుని గుణదల తిరునాళ్లు చూపించిందీ, పెళ్లినాడు చేయి పట్టుకుని గుళ్లోకి నడిపించిందీ ఆయనే. మేనమామను గేటు బయట నిలబెట్టడమంటే తల్లిని నిలబెట్టినట్టే ఆవిడ లెక్కలో. ఈ వైపు మేనమామే మొగుడైన ఇళ్లు బోలెడని ఆవిడకు తెలియదా? తెలుసు. ఆ క్షణాన మాత్రం శౌరయ్య తప్ప ఇంకేదీ గుర్తు రాలేదు.

గేటు తీసింది. పైగా పిల్లను మురిపిద్దామనుకుని పేరు కూడా చెప్పకుండా కేకేసింది.

"ఉషా, కిందికి రావే! నీ కోసం ఎవరొచ్చారో చూడు!"

అమ్మ అనుకుందో ఏమో, ఉషశ్రీ గబగబా మెట్లు దిగింది. అతన్ని చూసి అక్కడే ఆగిపోయింది.

"సిగ్గెందుకే, మీ మామయ్యే కదా," అని నవ్వి, తెరేసమ్మ టీ పెట్టడానికి లోపలికెళ్లింది. ఆ టీ ఏ గంగలో కలిసినా బాగుండేది. గ్లాసు పట్టుకుని తిరిగొచ్చేసరికి అతను వెళ్లిపోయాడు. పొట్లం బల్ల మీదుంది. ఉషశ్రీ చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చునుంది.

"ఏమన్నాడే?"

"ఏం లేదండి."

రాత్రి అన్నం తినలేదు. ఆదివారం కూడా కంచం ముందు ఊరికే కూర్చుంది. అప్పుడు తెలిసొచ్చింది తెరేసమ్మకు. ఇన్నేళ్లలో ఏ పిల్లనీ అడగని ప్రశ్న అడిగింది.

"నిన్ను చేసుకునేది ఆయనేనా అమ్మా?"

ఉషశ్రీ గోడవైపు తిరిగి పడుకుంది.

తెరేసమ్మ జరిగిందంతా సిస్టర్‌కు చెప్పింది, సిస్టర్ కమిటీకి చెప్పింది. సోమవారం వాళ్లు తల్లిని బయటికి పంపి, పిల్లను నెమ్మదిగా, మళ్లీ మళ్లీ అడిగారు. తెరేసమ్మ పక్కనే కూర్చుంది.

"పెళ్లేం లేదండి. మార్కులు తక్కువొచ్చాయని భయమేసి వచ్చేశానండి. ఇంటికెళ్తాను."

"అబద్ధమండీ! ఆ మామయ్యకే ఇస్తున్నారండీ!" అని తెరేసమ్మ లేచి నిలబడింది.

"ఆ పిల్ల మీతో చెప్పిందా?" అని అడిగింది కమిటీలో పెద్దావిడ.

చెప్పలేదు. పద్దెనిమిది నిండేదాకా పెళ్లి చేయనని తల్లి చేత రాయించుకుని, ఆ ఊరి అంగన్‌వాడీ టీచర్‌ను కనిపెట్టి ఉండమని చెప్పి, పంపించేశారు.

వరండాలో తెరేసమ్మ ఆ పిల్ల చెయ్యి పట్టుకుంది. "ఎందుకే ఇలా చేశావు? నేను పక్కనే ఉన్నాను కదే!"

"అమ్మ పురుగుల మందు డబ్బా పక్కన పెట్టుకు కూర్చుందంటండి. మామయ్య చెప్పాడు."

తెరేసమ్మకు ఏడుపొచ్చింది. ఉషశ్రీ మాత్రం ఏడవలేదు.

"ఇక్కడైతే ఎవరొచ్చినా నన్నడక్కుండా గేటు తీయరనుకున్నానండి," అంది.

కోపంగా కూడా అనలేదు. రావమ్మ పిలుస్తుంటే మెల్లగా చెయ్యి విడిపించుకుని వెళ్లి ఆటో ఎక్కింది.