కొసరు కింద పోయిన కుర్రాడు

ఎమిల్ వోండ్రాకి ఎవరైనా కుర్రాడు నచ్చాడంటే మైదానానికి వీపు తిప్పేసేవాడు. నచ్చకపోతే కళ్ళార్పకుండా చూసేవాడు, పక్కన కూర్చున్న వేరే జట్లవాళ్ళు ఓరకంట గమనించేలా ఏదో రాసుకునేవాడు. ఒమాహా డ్రోవర్స్ బేస్‌బాల్ జట్టుకి ఆటగాళ్ళని వెతికిపెట్టడం అతని ఉద్యోగం. నెబ్రాస్కా, కాన్సస్, దకోటాల్లో హైస్కూలు మైదానాలన్నీ తిరిగి తిరిగి అతని కారు సీటుకి అతని ఆకారం వచ్చేసింది. ఆ ఉద్యోగంలో ఉన్నవాళ్ళందరూ అబద్ధాలకోర్లే. తనకి నచ్చినవాణ్ణి పక్కవాడు చూడకూడదు, అదీ సూత్రం. మిగతావాళ్ళు నోటితో అబద్ధమాడేవారు. ఎమిల్ ఒళ్ళంతా ఉపయోగించేవాడు.

డ్రోవర్స్ అంటే పశువుల్ని సంతకి తోలుకెళ్ళేవాళ్ళు. ఆ పేరు పెట్టినవాడెవడో గాని జట్టు జాతకం ముందే చదివేశాడు. ఊరు చిన్నది, టీవీవాళ్ళిచ్చే డబ్బు ఇంకా చిన్నది. ఏటా జూలై నెలలో అదే తంతు. జట్టు పైకి ఎక్కీ ఎక్కకుండా ఊగుతుంటుంది. పిచర్లకి వరసగా భుజాలు పట్టేస్తాయి. బంతి విసిరేవాడు లేకపోతే ఇక ఆటేముంది? "ఈ ఏడైనా ఒక మంచి పిచర్ని తెండయ్యా" అని ఊరు ఊరంతా రేడియోకి ఫోన్లు చేస్తుంది. కొనడానికి డబ్బుండదు. ఉన్నదల్లా కింది జట్లలో పెరుగుతున్న కుర్రాళ్ళు. ఇద్దరు ముగ్గుర్ని తోలేసి, ఇంకెక్కడో అరిగిపోతున్న ఒక పేరున్న చేతిని తెచ్చుకుంటారు. చలికాలం రాగానే ఆ చెయ్యి ఎక్కువ డబ్బిచ్చే ఊరికి పోతుంది. తోలేసిన కుర్రాళ్ళు పరాయి ఊళ్ళో పెద్ద పెద్ద ఆటగాళ్ళవుతారు.

అలా పెద్దయినవాళ్ళలో సగంమంది ఎమిల్ తెచ్చినవాళ్ళే. ఆదివారం టీవీలో ఆట పెడితే చాలు, అతని భార్య లొరైన్ వంటింట్లోంచి అడిగేది.

"ఇవాళ మనల్ని ఓడిస్తున్నది నువ్వు తెచ్చినవాడేనా?"

"కొట్టేవాడు మనవాడే. విసిరేవాడు కాదు."

"పోనీలే, ఒకడే గదా."

రెండేళ్ళలో ఉద్యోగం అయిపోతుందనగా ఎమిల్‌కి ఒకటే కోరిక మిగిలింది. తాను తెచ్చిన పిచర్ ఒక్కడైనా ఒమాహా మైదానంలో, మధ్యనున్న మట్టి దిబ్బమీద నిలబడి విసురుతుంటే చూడాలి. జీతం పెరగాలని కూడా అంత గట్టిగా అనుకోలేదు.

ఆ ఒక్కడూ దొరికాడు. ఇసక కొండల్లో, మనుషులకంటే ఆవులెక్కువున్న ఊళ్ళో, నీల్ ఆస్ట్రాండర్ అనే ఎడమచేతివాటం కుర్రాడు. వాడు విసిరిన మొదటి బంతికే ఎమిల్ లేచి వెళ్ళి హాట్‌డాగ్ కొట్టు ముందు నిలబడ్డాడు. ఆ వసంతమంతా వాడు దిబ్బ ఎక్కినప్పుడల్లా ఎమిల్‌కి ఆకలేసేది. పక్కనున్న వేరే జట్ల వేటగాళ్ళు, ఎమిల్ లేచిపోయాడంటే ఇందులో సరుకు లేదని, వాళ్ళూ కార్లెక్కి పోయారు. తీరా జట్లన్నీ వంతులవారీగా కొత్త కుర్రాళ్ళని ఎంచుకునే రోజున ఎమిల్ అప్పటి మేనేజరు చెవిలో ఊది, ఎవరూ పట్టించుకోని చివరి వంతుల్లో వాణ్ణి తీసుకునేలా చేశాడు. మేనేజరుకి మాత్రం ఆ చలికాలంలోనే ఉద్యోగం ఊడింది.

కొత్తగా వచ్చినవాడు కేలెబ్ విన్‌ట్రప్. కుర్రాడు, మర్యాదస్తుడు, ఏ మాటకైనా ముందు లెక్క అడిగే రకం. జూన్‌లో ఫోన్ చేశాడు.

"ఎమిల్ గారూ, ఆస్ట్రాండర్ గురించి ఒక్క మాట. మోకాలు బెణికి కూర్చున్నాడు కదా, మా దగ్గర లెక్కలు చాలట్లేదు. వేరే జట్లవాళ్ళెవరైనా అడిగితే ఏం చెప్పాలి? అసలు వాడేంటి?"

ఎమిల్ గోడవైపు చూశాడు. వజ్రం అన్నాడంటే ఈ అబ్బాయి జూలైలో మొదట బేరం పెట్టేది ఆ వజ్రాన్నే. మామూలు రాయి అంటే ఎవడూ అడగడు, వాడు ఇక్కడే పెరుగుతాడు.

"మంచి కుర్రాడు బాబూ. ఇంట్లో తల్లికి గిన్నెలు తోమిపెడతాడు."

"చెయ్యి ఎలా ఉంది?"

"ఉంది. రెండున్నాయి."

"ఎమిల్ గారూ..."

"మామూలోడు బాబూ. తొమ్మిది ఇన్నింగ్స్‌ ఆటలో ఆరోదానికల్లా చెయ్యి వాలిపోతుంది. నేనే కాస్త తొందరపడ్డా."

ఫోన్ పెట్టేసరికి లొరైన్ గుమ్మంలో చేతులు కట్టుకుని ఉంది.

"ఎవరి మీదయ్యా ఆ అపనింద?"

"నీల్ మీద."

"వాడు నీకు నచ్చాడన్నావుగా?"

"అందుకే."

"చర్చి విందులో నేను చేసిన గసగసాల కొలాచీ బన్నులు మాడిపోయాయని అందరికీ చెప్పి, డబ్బా మొత్తం కార్లో కూర్చుని నువ్వే తిన్నావు చూడు. ఇదీ ఆ బాపతే."

"ఆ రోజు పని జరిగిందా లేదా?"

"జరిగింది. తర్వాత రెండ్రోజులు నీ కడుపు సంగతేమిటో కూడా చెప్పమంటావా?"

జూలై ఆఖరుకి ఒమాహా పైనున్న జట్టుకి తాకీ తాకనంత దగ్గరగా ఉంది, సరైన పిచర్ లేడు. విన్‌ట్రప్ బేరం కుదిర్చాడు. షార్లట్ జట్టునించి లానీ బాస్కమ్ వస్తాడు. మంచి పేరున్న చెయ్యి, వయసు మాత్రం ఎవరూ పైకి అనరు. బదులుగా ఇద్దరు కుర్రాళ్ళు. ఇద్దర్లో ఎవరూ ఎమిల్ తెచ్చినవాళ్ళు కాదు. రేడియోలో విని ఎమిల్ కారు రోడ్డు పక్కకి తీసి, స్టీరింగ్ మీద వేళ్ళతో తాళం వేశాడు. ఆ తాళం పూర్తికాకుండానే ఫోన్ మోగింది.

"ఎమిల్ గారూ, మీకు థాంక్స్ చెప్పాలి. బాస్కమ్ జీతంలో సగం షార్లట్‌వాళ్ళే భరిస్తామన్నారు. అందుకు కొసరుగా ఇంకో కుర్రాణ్ణి అడిగారు, ఎవరైనా సరేనన్నారు. నేను మన లెక్కలోకి రానివాళ్ళ పేర్లు నాలుగు ఇచ్చా. ఆస్ట్రాండర్ని తీసుకున్నారు."

ఎమిల్ వేళ్ళు స్టీరింగ్ మీద ఆగిపోయాయి.

"మీరు ఆ రోజు నిజం చెప్పబట్టి ధైర్యంగా ఇచ్చేశా. తాను తెచ్చినవాడి గురించి అంత నిజాయితీగా ఎవరు చెబుతారండీ?"

కూరగాయల బజారులో బేరం అయ్యాక సంచిలో విసిరేసే కరివేపాకు రెమ్మలా పోయాడు ఆ కుర్రాడు.

షార్లట్‌కి ఈ ప్రాంతంలో ఆటగాళ్ళని వెతికేవాడు డచ్ రాడెమేకర్. ఎమిల్‌కి పాత స్నేహితుడు, అంతకంటే పాత శత్రువు. మరుసటి వారం గ్రాండ్ ఐలండ్‌లో ఒక కాఫీ హోటల్లో ఎదురుపడితే ఎమిల్ పలకరింపు కూడా లేకుండా అడిగాడు.

"ఏరా, నలుగుర్లో వాణ్ణే ఎందుకు పట్టుకున్నావు?"

"కూర్చోరా, చెబుతా. కాఫీ నాది."

"నీ కాఫీ నాకొద్దు."

"వాడు విసురుతున్నప్పుడల్లా నువ్వు హాట్‌డాగ్ కొట్టు దగ్గరుండేవాడివి. ఔనా?"

"అయితే?"

"నీకు గుండె ఆపరేషన్ అయినప్పుడు ఆసుపత్రికి పూలు తెచ్చింది ఎవడ్రా? డాక్టరు నీకు హాట్‌డాగులు బంద్ అన్నప్పుడు పక్కనున్నది ఎవడు? తినని తిండికోసం పదిసార్లు లేచి వెళ్ళావంటే వాడు పెద్ద మొనగాడై ఉండాలి. నువ్వు కొని చెత్తబుట్టలో పడేసినవి కూడా చూశాలే. అప్పుడే తీసుకోమని మావాళ్ళకి చెప్పా, వినలేదు. ఈసారి విన్నారు."

ఎమిల్ కూర్చున్నాడు. కాఫీ కూడా తాగాడు. మేనేజరుకి తాను ఏం చెప్పిందీ, ఎందుకు చెప్పిందీ మొత్తం కక్కేశాడు. డచ్ నవ్వలేదు. నవ్వి ఉంటే బావుండేది.

"అంటే నీ అబద్ధం నేను నమ్మలేదు, మీవాళ్ళు నమ్మారు."

"అంతే."

"అంతా తలకిందులైంది గదరా."

బాస్కమ్ వచ్చాడు. వచ్చీరాగానే వరసగా గెలిపించాడు, ఊళ్ళో బార్బర్ షాపుల్లో అతని బొమ్మలు వెలిశాయి. సెప్టెంబరు చివర భుజం పట్టేసింది. అక్టోబరు మొదటి వారంలోనే జట్టు ఇంటికొచ్చింది. చలికాలంలో బాస్కమ్ వేరే ఊరికి సంతకం పెట్టాడు. మళ్ళీ జూలై వచ్చింది, మళ్ళీ ఊరంతా రేడియోకి ఫోన్లు చేసింది.

ఎమిల్ ఉద్యోగం విరమించాక వచ్చిన మొదటి సెప్టెంబరు. ఆఖరి ఆదివారం ఆట. ఒమాహా గెలిస్తే ముందుకు, ఓడితే ఇంటికి. ఎదురుగా షార్లట్. వాళ్ళకి గెలిచినా ఓడినా ఒకటే, అందుకే కొత్త కుర్రాళ్ళని ఆడించి చూసుకుంటున్నారు. పొద్దున పేపర్లో ఆ రోజు విసిరేవాడి పేరు చూసి లొరైనే టిక్కెట్లు తెచ్చింది.

నీల్ ఆస్ట్రాండర్ ఒమాహా దిబ్బమీద నిలబడ్డాడు. ఎమిల్ కోరుకున్న మైదానమే, కోరుకున్న దిబ్బే, కోరుకున్న చెయ్యే. చొక్కా ఒక్కటే షార్లట్‌వాళ్ళ ఆకుపచ్చది. కుర్రాడు విసురుతూనే ఉన్నాడు, డ్రోవర్స్ వరసగా వచ్చి బ్యాట్ గాలిలో తిప్పి వెళుతూనే ఉన్నారు. ఆరో ఇన్నింగ్స్ వచ్చింది, పోయింది, చెయ్యి వాలలేదు. చుట్టూ జనం కుర్రాడి వంశం మొత్తాన్ని తిడుతుంటే లొరైన్ లేచి చప్పట్లు కొట్టింది.

వెనకాయన ఊరుకోలేదు. "అమ్మా, నువ్వు ఏ ఊరిదానివి?"

"ఈ ఊరిదాన్నే. మా ఆయనే తెచ్చాడు వాణ్ణి."

"తెచ్చి వాళ్ళకిచ్చాడా?"

లొరైన్ కూర్చుంది.

డ్రోవర్స్ ఒక్క పరుగూ చెయ్యకుండా ఓడిపోయారు. మెట్లు దిగుతుంటే విన్‌ట్రప్ ఎదురొచ్చాడు. ముఖం పీక్కుపోయి ఉన్నా చెయ్యి కలిపాడు.

"ఎమిల్ గారూ, మనసులో పెట్టుకోకండి. ఎంత అనుభవమున్నా ఒక్కోసారి కన్ను మోసం చేస్తుంది."

"కన్ను మోసం చెయ్యలేదు బాబూ. వాడేంటో నాకు మొదట్నించీ తెలుసు. మీరు అమ్మేస్తారని అబద్ధం చెప్పా."

విన్‌ట్రప్ అతని భుజం తట్టాడు, పెద్దవాళ్ళని ఓదార్చేటప్పుడు తట్టినట్టు. "అందరూ తర్వాత అలాగే అంటారండీ," అని నెమ్మదిగా చెప్పి వెళ్ళిపోయాడు.

షార్లట్ వాళ్ళ బస్సు దగ్గర నీల్ కనిపించాడు. మెడ లావెక్కింది, చూపు ముదిరింది. లొరైన్‌కి టోపీ తీసి నమస్కారం లాంటిదేదో పెట్టి, ఎమిల్ ఎదుట నిలబడ్డాడు.

"మిస్టర్ వోండ్రా, ఒకటి అడగాలి. మా ఇంటికొచ్చి, మా అమ్మ చేతి వంట తిని, ఇలాంటి చెయ్యి చూడలేదన్నారు. ఇక్కడివాళ్ళకేమో మామూలోడన్నారట. డచ్ చెప్పాడు."

"ఎప్పుడు చెప్పాడు?"

"పోయినేడాది. భుజం నొప్పెట్టి, ఇక నావల్ల కాదు, ఇంటికెళ్ళి ఆవుల్ని చూసుకుంటానని పెట్టె సర్దుకున్న రోజున."

డచ్ మాట చెప్పి, కారణం దగ్గర ఆపేశాడని ఎమిల్‌కి అర్థమైంది.

"పెట్టె సర్దినవాడివి వెళ్ళలేదే?"

"అది విన్నాక ఎలా వెళ్తాను? అప్పట్నించీ విసిరే ముందు ప్రతిసారీ మిమ్మల్నే తలుచుకుంటున్నా. నిజమేనా, మీరన్నారా?"

లొరైన్ నోరు తెరిచింది. ఎమిల్ ఆమె మణికట్టు పట్టుకుని గట్టిగా నొక్కాడు.

"అన్నాను. ఇవాళ చూశాక కూడా అదే అంటా. ఒక ఆటకే ఏం తెలుస్తుంది? వచ్చే ఏడు చూద్దాం."

కుర్రాడు ఒక్క క్షణం కూడా అనుమానపడలేదు. దవడ బిగించాడు, టోపీ పెట్టుకున్నాడు, సెలవైనా చెప్పకుండా బస్సెక్కాడు.

"వాడిక మన గడప తొక్కడు," అంది లొరైన్.

"తొక్కడు."

బస్సు కదిలింది. కిటికీలో కుర్రాడు ఇటు చూడలేదు. ఎమిల్ ఇంకా ఆమె చెయ్యి వదల్లేదు.

"లొరైన్, షార్లట్‌కి కారులో వెళితే ఎన్ని రోజులు పడుతుందంటావు?"