ఒడ్డుకు రాని పడవ లెక్క

అది 2022. కరోనా తర్వాత కాలేజీలు మళ్ళీ నిండుగా నడవడం మొదలైన ఏడాది. నెల్లూరు వైపు కోట అనే ఊరి నుంచి వాకాడు పోయే రోడ్డు మీద ఒక ఎంబీఏ కాలేజీలో నేను ప్లేస్‌మెంట్ ఆఫీసర్‌ని. పేరు ఘనంగానే ఉంటుంది. పని మాత్రం చదువు ముగించబోయే పిల్లల చేత ఉద్యోగాలకు దరఖాస్తులు పెట్టించడం, ఇంటర్వ్యూలకు తయారు చేయడం. నా గది కిటికీ తెరిస్తే రొయ్యల గుంటలు, వాటిలో నీళ్లు చిలికే ఏరేటర్ల రొద. మూస్తే ఉక్క. రోజూ ఈ రెండింట్లో ఏదో ఒకటి భరించడానికి సిద్ధపడి కుర్చీలో కూర్చునేదాన్ని.

ఈ పనిలో మనిషిని అలసిపోయేలా చేసేది పని కాదు, విన్నదే వినడం. రెజ్యూమ్ అంటే ఉద్యోగం ఇచ్చేవాళ్లకు మనల్ని మనం పరిచయం చేసుకునే ఒకటి రెండు పేజీలు. మా పిల్లల రెజ్యూమ్‌లలో అందరూ కష్టజీవులే, అందరూ నిజాయితీపరులే, అందరికీ పాటలు వినడమే సరదా. నీ బలహీనత ఏమిటని అడిగితే, "మొదలుపెట్టిన పని అయ్యేదాకా నిద్రపోలేను" అని క్లాసులో గుర్రుపెట్టేవాడే చెబుతాడు. మొదట్లో నవ్వొచ్చేది. పదేళ్లు గడిచేసరికి ఆ నవ్వు కూడా పోయింది. ఎర్ర పెన్ను తీసి కొట్టేయడం ఒక్కటే మిగిలింది.

ఆ ఏడాది మొదటిసారిగా ఒక కన్సల్టింగ్ కంపెనీ మా కాలేజీకి వస్తానంది. ఇతరుల వ్యాపారాలు చూసి, ఇలా చేస్తే బాగుపడతారని సలహా చెప్పి ఫీజు తీసుకునే కంపెనీ అన్నమాట. ఇదే మాట ఒక పిల్లాడి తండ్రికి విడమరిచి చెబితే ఆయన, "అంత తెలిసినోళ్లు ఆ యాపారమేదో వాళ్లే చేసుకోవచ్చు గదమ్మా?" అన్నాడు.

ఆ కంపెనీ కోసం పేరిచ్చిన వాళ్లలో భవాని ఒకతె. వాకాడు వైపు సముద్రం ఒడ్డు ఊరు. తండ్రి పోలయ్య పడవ మీద చేపల వేటకు పోతాడు, తల్లి కాటమ్మ గంపలో చేపలు పెట్టుకుని ఊళ్లు తిరిగి అమ్ముతుంది. అక్క రొయ్యల షెడ్డులో తలలు తీసే పనికి పోతుంది. ఐసులో నాని నాని అక్క వేళ్లు పగిలిపోయాయని భవానే నాకు చెప్పింది.

"అక్క చేసే షెడ్డులోనే నాకూ చోటు చెప్పి పెట్టినారు మేడమ్. పరీక్షలు అయిపోతానే వచ్చెయ్యమన్నారు. నేను పోను. నాకీ ఉద్యోగం కావాల" అంది.

అంత సూటిగా అడిగేవాళ్లు నాకు తగిలింది తక్కువ. ఎలాగైనా ఈ పిల్లను గట్టెక్కించాలని ఆ రోజే మనసులో అనుకున్నాను.

కన్సల్టింగ్ ఇంటర్వ్యూల్లో గెస్టిమేట్ అని ఒకటి ఉంటుంది. కచ్చితమైన జవాబు ఎవరికీ తెలియని ప్రశ్న. నెల్లూరులో రోజుకు ఎన్ని టీలు అమ్ముడవుతాయి? జనం ఎంత, వాళ్లలో టీ తాగేవాళ్లు ఎంత, ఇంట్లో తాగేవి పోగా బయట తాగేవి ఎన్ని అని ఊహించుకుంటూ ఒక అంకె దగ్గరికి రావాలి. అంకె కన్నా అక్కడికి ఎలా వచ్చామన్నదే చూస్తారు. భవాని ఇందులో దిట్ట. టీలు, ఆటోలు, పెళ్లి మండపాలు, ఏది అడిగినా తడుముకోకుండా చెప్పేది. నాకు చాలా రోజుల తర్వాత పని మీద ఉత్సాహం కలిగింది.

అక్కడితో ఆగితే బాగుండేది. కానీ నేర్పేవాళ్లకు ఊరుకోవడం చేతకాదు. ఇంటర్వ్యూ చేసేవాళ్లకు అభ్యర్థి సొంత ఊరి సంగతులంటే ఇష్టం. అందుకని ఆమె పరిచయంలో మొదటి వాక్యంగానే మత్స్యకార కుటుంబం అని రాయించాను. మాక్ ఇంటర్వ్యూలో, అంటే అసలు దానికి ముందు మేం పెట్టే ఉత్తుత్తి ఇంటర్వ్యూలో, సులువుగా ఉంటుందని అడిగాను. "ఈ ఉదయం మీ ఊరి నుంచి వేటకు పోయిన ఒక పడవ ఎంత చేప తెస్తుంది?"

పిల్ల నోరు విప్పలేదు. మరోసారి అడిగాను. తల దించుకుంది. వెనక కూర్చున్న వాళ్లు కిసుక్కున నవ్వారు, చేపలోళ్ల పిల్లకు చేపల లెక్క రాలేదని. ఇంటి వృత్తి చెప్పుకోవడానికి సిగ్గుపడుతోందనుకున్నాను. ఇక చూడండి, శ్రమ గౌరవం మీద ఒక ఉపన్యాసం దంచాను. మీ నాన్న పని ఎవరి పనికీ తీసిపోదన్నాను. భవాని ఓపికగా విని, "మా నాన్న పనికి నేను సిగ్గుపడేది ఏముంది మేడమ్?" అని వెళ్లిపోయింది. మర్నాడు టమాటా లారీల లెక్క అడిగితే గడగడా చెప్పింది. పడవ అనేసరికి మళ్లీ మౌనం.

ఆ సాయంత్రం బస్సు కోసం నిలబడ్డప్పుడు పక్కకు పిలిచి అడిగాను, సంగతేమిటని.

"నాన్న సముద్రం మీద ఉండాడు మేడమ్. పడవ ఒడ్డుకు తగలకముందే ఎంత పడిద్దో నోటితో అనకూడదు. మా ఇండ్లల్లో ఎవురూ అనరు. మా అమ్మ గంప కడిగి బోర్లించి పెడతాది. నాన్న దిగి ఇంత అని చెప్పినాకే దాన్ని తిప్పుద్ది."

"ఇది ఉత్త ప్రశ్న తల్లీ. మీ నాన్న పడవ కాదు, ఎవరి పడవా కాదు."

"తెలుసు మేడమ్. అయినా నోరు రాదు."

నాకు కోపం వచ్చింది. ఒక్క అంకె కోసం ఈ పిల్ల రొయ్యల షెడ్డుకు పోతుందా అని భయమూ వేసింది. "ఇంగ్లీషులోనే కదా చెప్పేది, సముద్రానికేం అర్థమవుతుందిలే" అన్నాను. భవాని పక్కున నవ్వింది. నవ్వింది కాబట్టి ఒప్పుకుందనుకున్నాను.

ఇంటర్వ్యూ రోజున పిల్లలకు ధైర్యంగా ఉంటుందని నన్ను గదిలో వెనక కూర్చోనిచ్చారు. మాట్లాడకూడదని షరతు. అడిగేది ముప్పై దాటని కుర్రాడు, మర్యాదస్తుడు. రెజ్యూమ్ చూసి అతని ముఖం వికసించింది. అంతా ఇంగ్లీషులోనే.

"మీ నాన్నగారు ఇవాళ కూడా వేటకు వెళ్లారా?"

"వెళ్లారు సార్."

"అయితే ఆ పడవ లెక్కే చేద్దాం. ఇవాళ ఎంత తెస్తుంది?"

ఆ ప్రశ్న అతను అడగలేదు, నేను రాయించిన మొదటి వాక్యం అడిగించింది. ఏదో ఒకటి చెప్పెయ్ తల్లీ అని లోపల్లోపల బతిమాలుకున్నాను. భవాని గ్లాసులో నీళ్లు కొంచెం తాగింది. తర్వాత నెమ్మదిగా చెప్పింది.

"సార్, మా నాన్న ఇప్పుడు నీళ్ల మీద ఉన్నారు. పడవ తిరిగి వచ్చేదాకా ఆ అంకె మేము చెప్పం. పోయిన సీజన్‌లో వచ్చిన పడవల లెక్క అడగండి, చెబుతాను."

అతను సరేనన్నాడు. ఆమె చెప్పింది. ప్రభుత్వం పెట్టే వేట నిషేధం నెలలు తీసేసి, గాలివానకు ఇంట్లో కూర్చున్న రోజులు తీసేసి, డీజిలు, ఐసు, కూలీల వాటా అన్నీ పోగా మిగిలిన అంకె దాకా వచ్చింది. నేను అంతకన్నా బాగా నేర్పలేను. అతను తల ఊపుతూ ఏదో రాసుకున్నాడు.

ఫలితం సాయంత్రం చెబుతామన్నారు. వరండా అంతా పిల్లల జోస్యాలే. నీకు పక్కా అని ఒకడు, నాకు అనుమానమే అని ఒకడు. భవాని మెట్ల మీద ఒక్కతే కూర్చుని ఉంది. తల్లి ఫోన్ చేసింది. ఇటువైపు మాటలే నాకు వినబడ్డాయి. "తిన్నా మా. నాన్న దిగినాడా? సరే." అంతే. ఉద్యోగం సంగతి ఆ తల్లి అడగలేదు, ఈ పిల్ల చెప్పలేదు. నేనూ ఏమీ అడగకుండా పక్కన కూర్చున్నాను. ఆ రోజంతటికీ నాకు హాయిగా అనిపించింది ఆ కాసేపే.

ఇద్దరిని తీసుకున్నారు. భవాని అందులో లేదు. కారు ఎక్కేముందు ఆ కుర్రాడు నాతో, "తెలివైన అమ్మాయి మేడమ్. కానీ మా పనిలో తెలియనిదాన్ని కూడా ధైర్యంగా ఒక అంకెలో చెప్పాలి. క్లయింట్లు మాకు డబ్బిచ్చేది దానికే" అన్నాడు. క్లయింటు అంటే సలహా కొనుక్కునేవాడు. అతను చెప్పింది అబద్ధం కాదు. అందుకే ఒళ్లు మండిపోయింది. తిట్టడానికి ఎవరూ దొరకలేదు.

భవాని ఏడవలేదు. "నా మూలంగా మీకు చెడ్డపేరు వచ్చిందా మేడమ్?" అంది. ఆ మాటకు నాకే కళ్లలో నీళ్లు తిరిగాయి.

పరీక్షలు దగ్గర పడుతున్నాయి. షెడ్డు వాళ్లు రెండోసారి కబురు పెట్టారు. తెలిసిన ప్రతి చోటికీ ఫోన్లు చేశాను, కొందరు విసుక్కున్నారు కూడా. చివరికి నెల్లూరులో రొయ్యల రైతులకు అప్పులిచ్చే ఒక చిన్న ఫైనాన్స్ సంస్థ పిలిచింది. క్రెడిట్ అనలిస్ట్ పని, అంటే అప్పు అడిగినవాడికి ఇవ్వొచ్చా లేదా అని పరిశీలించి చెప్పడం. అక్కడి మేనేజర్ పెద్దాయన. ఆయన అడిగిన ప్రశ్న భవాని తర్వాత నాకు చెప్పింది. "తోటపల్లి గూడూరు రైతు ఒకాయన, ఈ పంటకు నాకు ఇంత వస్తుంది, అప్పివ్వండి అంటాడు. ఏం చేస్తావమ్మా?"

"ఆయన చెప్పేది ఇంటాను సార్. రాసుకోను. పోయిన పంటలకు ఏం వచ్చిందో అడిగి అది రాసుకుంటా" అందట.

ఆయన అక్కడికక్కడే రమ్మన్నాడు.

భవాని చేరిన వారానికి కాటమ్మ మా కాలేజీకి వచ్చింది. నేను ఆమెను చూడటం అదే మొదలు. గంప కిందికి దించి, ఆకులు తొలగించి, రెండు వంజరం చేపలు నా బల్ల మీదే పెట్టబోతే కాగితాలు లాగేసుకున్నాను.

"ఇన్నాళ్లూ ఒక్కసారి కూడా అడగలేదే తల్లీ, పిల్ల ఉద్యోగం ఏమైందని?" అన్నాను.

"అడగకూడదు కదమ్మా. ఇప్పుడు మీరు అడగండి" అంది కాటమ్మ, ముఖమంతా నవ్వుతో. "ఎంత జీతమో అడగండి, చెప్తా!"

అడిగాను. గదిలో ఉన్నవాళ్లందరికీ వినబడేట్టు చెప్పింది.

ఆ వేసవిలో అడ్మిషన్లు మొదలయ్యాయి. ప్రిన్సిపాల్ గారు ఎప్పటిలాగే నన్ను తల్లిదండ్రుల ముందు కూర్చోబెట్టారు. ఒక రైతు కొడుకును వెంటబెట్టుకుని వచ్చి అడిగాడు. "చదువైనాక మావోడికి ఉద్యోగం వచ్చిద్దా మేడమ్?" ఏటా ఈ ప్రశ్నకు తప్పకుండా వస్తుందండీ అనేదాన్ని. అది చెప్పడానికే నాకు జీతం. ఆ రోజు మాత్రం అలా అనలేదు.

"పోయిన బ్యాచ్‌లో ఎవరికి ఏం వచ్చిందో, ఎవరికి రాలేదో చెప్తానయ్యా" అన్నాను. "మీవాడి సంగతి మాత్రం వాడు ఒడ్డున దిగినాకే."

ప్రిన్సిపాల్ గారు గుడ్లురిమారు. ఆ రైతు మాత్రం కుర్చీ ముందుకు జరుపుకుని, "సరే, రానోళ్ల సంగతే ముందు చెప్పండి మేడమ్" అన్నాడు.