నా ప్రసంగంతో క్యాసినోకి మరో పదేళ్లు

ఒక క్యాసినోను మూయించడానికి లేచి నిలబడి, తిరిగి కూర్చునేలోపు దానికి ఇంకో పదేళ్ల ఆయుష్షు పోసిన మంత్రిని మీరెప్పుడైనా చూశారా? ఆ ఘనుణ్ని నేనే. లంచం తినలేదు, ఎవరూ బెదిరించలేదు. కేవలం నా స్వశక్తితో, నా నోటితో, నేనే రాసిన చట్టం ప్రకారం ఆ పని పూర్తిచేశాను. ఆ ఘోరం ఎలా జరిగిందో వినండి. మీ ఇంట్లో ఎవరైనా బాగా మాట్లాడే కుర్రాడుంటే వాణ్నీ పక్కన కూర్చోబెట్టుకోండి.

కంగారు పడకండి, అది నిజం క్యాసినో కాదు. నా మంత్రి పదవీ ఒక్క పూట పదవే. అప్పుడు నేను తార్నాకలో మా అక్కాబావల ఇంట్లో ఉంటూ, దగ్గర్లోని యూనివర్సిటీ క్యాంపస్‌లో లా చదువుతున్నాను. ఆ రోజుల్లో నా ఆత్మవిశ్వాసం ఏ స్థాయిలో ఉండేదంటే, తార్నాక చౌరస్తాలో సిగ్నల్ ఎర్రబడితే నన్ను చూసి సిగ్గుపడిందనుకునేవాణ్ని.

మాకు రాజ్యాంగం పాఠం చెప్పే ప్రొఫెసర్ ఉండేవారు. అసలు పేరు ఎప్పుడో మరుగునపడి, అందరికీ ఆయన రాజ్యాంగం సారే. ఆయన ప్రతి ఏటా క్లాసునంతా ఒక మాదిరి శాసనసభగా మార్చేవారు. ఒక సగం అధికారపక్షం, ఇంకో సగం ప్రతిపక్షం, స్పీకర్ ఆయన. పంతం నెగ్గించుకున్న పక్షంలోంచి ఢిల్లీ పోటీలకు జట్టును ఎంపిక చేసేవారు. ఢిల్లీ అంటే మాకు మామూలు మాటా! నా క్లాసు దోస్తు యాదగిరి ఆ ప్రయాణం కోసం ముందుగానే స్వెట్టర్ కొనుక్కున్నాడు. మే నెలలో.

ఆ ఏడు సార్ ఇచ్చిన సమస్య ఇది. సాగరపురి అని ఒక ఊహా రాష్ట్రం. అక్కడ నది మీద ఒక ఓడ, ఓడలో క్యాసినో. దాన్ని నడిపే కంపెనీతో ప్రభుత్వం చేసుకున్న పదేళ్ల ఒప్పందం సరిగ్గా మా సభ జరిగే రోజుతో ముగుస్తుంది. ఒప్పందాన్ని పొడిగించాలా వద్దా, అసలు ఆ సంగతి ఎవరు తేల్చాలి అన్నదానికి ఆ రాష్ట్రంలో చట్టమే లేదు. కనుక అధికారపక్షం మొదట ఒక బిల్లు తెచ్చి పాస్ చేయించుకోవాలి. తర్వాత ఆ చట్టం ప్రకారం పొడిగింపు వద్దని తీర్మానం చేయాలి. ప్రతిపక్షం పని ఎలాగైనా పొడిగింపు సాధించడం.

లాటరీలో అధికారపక్షం మాకొచ్చింది. మంత్రి నేను. మా వాళ్లందరినీ ఒక్కతాటి మీద ఉంచి ఓట్లు వేయించే విప్ బాధ్యత యాదగిరిది. సభలో మాకు మెజారిటీ ఉంది. అంటే, ఓటింగ్ జరిగితే చాలు, మేం గెలిచినట్టే. ఈ ముక్క కాస్త గుర్తుంచుకోండి. నాకెలాగూ గుర్తులేదు.

బిల్లు రాసే పని నేనే మీదేసుకున్నాను. ఆరు సెక్షన్లు బుద్ధిగా రాసి, ఏడో దాని దగ్గర నాలోని మేధావి నిద్రలేచాడు. శాసనసభ్యులు బద్ధకస్తులు కదా, నిర్ణయం తీసుకోకుండా నాన్చేస్తారు కదా, వాళ్లకొక వాత పెట్టాలనిపించింది. పెట్టాను. "పొడిగింపును నిరాకరించు తీర్మానము సభ ముగియులోపు ఆమోదించబడనియెడల, ఒప్పందము మరియొక పదేండ్ల కాలమునకు పొడిగించబడినట్లే భావించవలెను."

ఆ "భావించవలెను" చూసుకుని నాకు కళ్లు చెమ్మగిల్లాయి. యాదగిరికి మాత్రం నుదురు చెమ్మగిల్లింది.

"మల్లేశం, గిదేందిరా? మనం సప్పుడు చెయ్యకుంటే క్యాసినో వాడు గెలుస్తడా?"

"మనం ఎందుకు సప్పుడు చెయ్యకుంట ఉంటంరా? సభలో నేనుంట కదా!"

"గదే భయం" అన్నాడు వాడు. ఆ మాటను నేను పొగడ్త కింద జమ వేసుకున్నాను.

ప్రసంగం మాత్రం వారం రోజులు సాధన చేశాను. మా అక్క చిక్కుడుకాయలు ఒలుస్తుంటే ఎదురుగా నిలబడి, "అధ్యక్షా!" అని మొదలుపెట్టేవాణ్ని. కాసేపటికి అక్క తల చిక్కుళ్ల చేట మీదికి వాలిపోయేది. నా గొంతులో ఏదో ప్రశాంతత ఉందని తేల్చుకున్నాను.

సభ రోజు రానే వచ్చింది. కాలేజీ హాలు కిటకిటలాడుతోంది. రాజ్యాంగం సార్ స్పీకర్ కుర్చీలో కూర్చుని మొదటే చెప్పారు.

"సూడుండ్రి, మధ్యాహ్నం ఈ హాల్ జువాలజీ వాళ్ల ఫ్రెషర్స్ పార్టీకి ఇచ్చిన్రు. లంచ్ బెల్ కొట్టిందంటే సభ ఖతం. మల్ల కూసునేది లేదు. ఇంకోటి, మంత్రి ప్రసంగం ముగించినంకనే ఓటింగ్. మధ్యల ఎవ్వలు అడిగినా పెట్ట. సమజైందా?"

"సమజైంది అధ్యక్షా!" అని అందరికంటే గట్టిగా అరిచింది నేనే.

బిల్లు ఐదు నిమిషాల్లో పాసైపోయింది. ప్రతిపక్ష నాయకురాలు స్రవంతి ఒక్క సవరణ కూడా అడగలేదు. మౌలాలి నుంచి వచ్చే ఆ అమ్మాయి క్లాసులో ఫ్యాను తిరగకపోయినా సెక్షన్ చూపించి నిలదీసే రకం. అలాంటిది, లేచి నిలబడి, "మంత్రిగారి బిల్లు మస్తుగున్నది అధ్యక్షా. ముఖ్యంగ సెక్షన్ ఏడు. మేం పూర్తిగ సపోర్ట్ చేస్తున్నం" అంది తియ్యగా. నేను యాదగిరి వైపు తిరిగి చూశావా అన్నట్టు కనుబొమ్మలెగరేశాను. వాడి కనుబొమ్మలు మాత్రం ముడిపడి ఉన్నాయి.

ఇక తీర్మానం. లేచాను. ఖద్దరు చొక్కా సర్దుకున్నాను. అనుకున్నట్టే దంచేశాను. ప్రసంగం ముగించి కూర్చోబోతుండగా స్రవంతి చెయ్యెత్తింది. నిజంగా చెబుతున్నాను, నా మోకాళ్లు వంగాయి కూడా. ఇంకో జానెడు కిందికి దిగి ఉంటే కుర్చీ తగిలేది, ఓటింగ్ జరిగేది, యాదగిరి స్వెట్టర్ ఢిల్లీ చూసేది.

"మంత్రిగారూ, ఒక్క డౌటు. క్యాసినో అంటే లోపట ఎట్లుంటది? మాకు తెల్వది. మీరు చెప్తెనే సమజైతది."

ప్రశ్న వినయంగా ఉంది. పైగా మీరు చెప్తేనే అంది. ఏ మంత్రి కూర్చుంటాడు చెప్పండి?

నేను క్యాసినో గుమ్మం కూడా చూసిన వాణ్ని కాదు. అయినా చెప్పాను. నాంపల్లి ఎగ్జిబిషన్‌లో జెయింట్ వీల్ ఎంత ఉంటుందో అంత చక్రం ఉంటుందన్నాను. మనుషులు దాని చుట్టూ కూర్చుని కేకలు పెడతారన్నాను. హాలు గొల్లున నవ్వింది. నా చమత్కారానికనుకున్నాను. యాదగిరి ఒక చీటీ ముందుకు తోశాడు. "చాలు" అని ఉంది. ప్రతిపక్షానికి ఈ దెబ్బ చాలు అంటున్నాడని మురిసిపోయాను.

స్రవంతి మళ్లీ లేచింది. "మంత్రిగారూ, గీ జూదంతోని ఇండ్లు ఎట్ల ఆగమైతయో జర చెప్పుండ్రి. మా సభ్యులు మనసు మార్చుకోవాల్నని ఉన్నరు."

ఆహా! ప్రత్యర్థుల మనసు మార్చే అవకాశం! ఒక కుటుంబాన్ని అప్పటికప్పుడు సృష్టించాను. తండ్రి ఓడెక్కాడు. తల్లి గట్టు మీద ఎదురుచూసింది. పిల్లలకు జ్వరం తెచ్చాను. వర్షం కురిపించాను. వెనక బెంచీలో ఎవరో ముక్కు చీదారు. ఆ చప్పుడు వినగానే నా మీద నాకే ప్రేమ పుట్టుకొచ్చి, ఆ కుటుంబానికి ఒక ముసలి నాయనమ్మను కూడా జతచేశాను.

స్పీకర్ గడియారం చూసుకున్నారు. "మంత్రిగారు ముగిస్తరా?"

"ఒక్క నిమిషం అధ్యక్షా!"

రెండో చీటీ వచ్చింది. "కూసో" అని పెద్దక్షరాలు. ప్రతిపక్షంలో ఒకరిద్దరు లేచి నిలబడి ఉన్నారు. వాళ్లను అదుపు చేయమంటున్నాడు కాబోలనుకుని, చెయ్యి చాపి, "కూర్చోండి!" అని గర్జించాను. వాళ్లు ఎంతో మర్యాదగా కూర్చున్నారు. ఆ తర్వాత యాదగిరి నా చొక్కా పట్టుకుని లాగాడు. బల్లకున్న మేకు పట్టుకుందనుకుని విదిలించుకున్నాను. అప్పటికే తలుపు దగ్గర జువాలజీ పిల్లలు బెలూన్లు పట్టుకుని నిలబడ్డారు. నా ప్రసంగం వినడానికి పక్క కాలేజీల వాళ్లు కూడా వస్తున్నారని నాలో కొత్త ఊపొచ్చింది.

"మంత్రిగారూ, ఆఖరిది" అంది స్రవంతి. "మీరు సొంతంగ షాయరీలు చెప్తరంట కదా. ఒక్కటి చెప్పి ముగించుండ్రి. గిదే మా రిక్వెస్ట్."

"మల్లేశం, వద్దురా!" అని యాదగిరి సభామర్యాద మరిచి కేక పెట్టాడు.

"విప్ గారు సైలెన్స్" అన్నారు స్పీకర్.

నేను కళ్లు మూసుకున్నాను. ఒక చెయ్యి గాల్లోకి లేపి మొదలుపెట్టాను.

"ఆశ చూపి పిలిచింది ఆ ఓడ దీపం... ఆ దీపం వెనకాల ఉన్నదంతా..."

ట్రింగ్‌మని లంచ్ బెల్ మోగింది.

దీపం వెనకాల ఏముందో ఈ రోజుకీ ఎవరికీ తెలియదు.

"సభ ముగిసింది" అన్నారు రాజ్యాంగం సార్, లేస్తూ. నేను ఇంకా చెయ్యి దింపలేదు. "అధ్యక్షా, ఓటింగ్..." అన్నాను.

"ఎక్కడి ఓటింగ్? నువ్వు ముగించనే లేదు కదనయ్యా!"

స్రవంతి మెల్లగా లేచి, నా బిల్లును, నా సెక్షన్ ఏడును, నా "భావించవలెను"ను అక్షరం పొల్లుపోకుండా చదివింది. నేను సృష్టించిన తండ్రి, తల్లి, జ్వరం పిల్లలు, నాయనమ్మ అందరూ కలిసి ఆ ఓడలో ఇంకో పదేళ్లు ఇరుక్కుపోయారు. అప్పుడు గానీ నా బుర్రలో దీపం వెలగలేదు. వెలిగాక ఆర్పేద్దామని చూశాను, ఆరలేదు.

అంతటితో అయిపోలేదు. మా క్లాసులోని అంబర్‌పేట డేవిడ్ ఆ సభలో క్యాసినో కంపెనీ యజమాని వేషం వేశాడు. అద్దె కోటు వేసుకుని పొద్దుటి నుంచీ మూల కూర్చున్నవాడు, జువాలజీ వాళ్ల దగ్గర ఒక పూలదండ అడిగి తెచ్చి నా మెడలో వేశాడు.

"మంత్రిసాబ్, మా ఓడల మీకు జిందగీ మొత్తం ఫ్రీ. మీ అసొంటి శత్రువు ఉంటే మాకు దోస్తులు ఎందుకు?"

ఆ సాయంత్రం తార్నాకలోని ఇరానీ హోటల్లో యాదగిరి, నేను ఎదురెదురుగా కూర్చున్నాం. వాడు ఉస్మానియా బిస్కెట్‌ను చాయ్‌లో ముంచి, తినడం మర్చిపోయి, అది విరిగి మునిగిపోయేదాకా చూశాడు.

"నేను చీటీలు పంపిన కదరా" అన్నాడు చివరికి. గొంతులో కోపం కూడా లేదు. అదే భరించలేకపోయాను.

"సూసిన. కానీ నువ్వు మెచ్చుకుంటున్నవనుకున్న."

"కూసో అంటే మెచ్చుకునుడా?"

రెండో చాయ్ చెప్పి, "నీ ఢిల్లీ నేను ఖరాబు చేసిన, మాఫ్ చెయ్యిరా" అన్నాను. వాడు మునిగిన బిస్కెట్‌ను చెంచాతో తీస్తూ, ఉన్నట్టుండి, "జెయింట్ వీల్ అంత చక్రం ఎట్ల పడ్తదిరా ఓడల?" అన్నాడు. అడగడం ఆలస్యం, ఇద్దరం పగలబడి నవ్వాం. పక్క బల్ల వాళ్లు తమ చాయ్ కప్పులు దూరంగా జరుపుకున్నారు.

ఇంటికెళ్లి చెబితే అక్క శ్రద్ధగా విని, "అయితే గా క్యాసినో ఇప్పుడు తార్నాకల పెడ్తరా?" అంది కంగారుగా. ఊహా రాష్ట్రం అని నమ్మించడానికి రాత్రి భోజనం అయ్యేదాకా పట్టింది.

వారం తిరక్కుండానే ఇంకో వింత జరిగింది. ఢిల్లీ జట్టుకు నాయకురాలైన స్రవంతి సార్ దగ్గరికి వెళ్లి, యాదగిరి కూడా తమతో రావాలని పట్టుబట్టింది. "మల్లేశాన్ని ఆపనీకి గంత కష్టపడ్డడు సార్. మా వాళ్లను ఆపుడు ఆయనకు ఒక లెక్కనా?" అందట. సార్ ఒప్పుకున్నారు. యాదగిరి ఆ వార్త చెప్పడానికి స్వెట్టర్ వేసుకునే మా ఇంటికొచ్చాడు. చెమటతో ముద్దయి ఉన్నాడు. అయినా వాణ్ని అంత అందంగా నేనెప్పుడూ చూడలేదు.

బహుమతుల రోజు నేను హాలు చివర, పిల్లర్ వెనక నిలబడ్డాను. వినిపించిందేమిటో తెలుసా? "ఉత్తమ వక్త, మల్లేశం!"

సార్ మైకులో నవ్వాపుకుంటూ అన్నారు. "ప్రభుత్వాన్ని పడగొట్టే ఉపన్యాసాలు ప్రతిపక్షం నుంచి మస్తు ఇన్న. మంత్రే తన ప్రభుత్వాన్ని ఓడగొట్టుకునే ఉపన్యాసం ఇన్నది గిదే ఫస్ట్. దా బిడ్డా, తీస్కో. రెండు మాటలు మాట్లాడు."

నేను కప్పు అందుకుని మైకు వైపు తిరిగానో లేదో, అధికారపక్షం, ప్రతిపక్షం, క్యాసినో కంపెనీ, తలుపు దగ్గర నిలబడ్డ అటెండర్ సహా హాలు హాలంతా ఒక్క గొంతుతో "వద్దూ!" అని అరిచింది. మా మాదిరి శాసనసభ చరిత్రలో ఏకగ్రీవంగా నెగ్గిన తీర్మానం అదొక్కటే.

కాబట్టి, పాఠక దేవుళ్లారా, మల్లేశం అనే నేను, శాసనం ద్వారా ఏర్పడిన నా నోటిని అదుపులో ఉంచుకుంటాననీ, కాలేజీలోగానీ, పెళ్లిచూపుల్లోగానీ, అపార్ట్‌మెంట్ మీటింగులోగానీ, ముందు అందరి చేతులూ లేపించి లెక్క తేలాకే పెదవి విప్పుతాననీ, ఎవరు ఎంత తియ్యగా బతిమాలినా షాయరీ చదవననీ, భయంగానీ పక్షపాతంగానీ లేకుండా అంతఃకరణశుద్ధితో ప్రమాణం చేస్తున్నాను. ఈ ప్రమాణం మీద ఇంకా చెప్పాల్సింది చాలా ఉంది. కానీ కూర్చుంటున్నాను.