పెన్‌డ్రైవ్‌లో పట్టని దీవెన

నారిన్ పట్టణంలో ఎసెన్‌కుల్‌కు పెళ్లి వీడియోలు తీయడమే బతుకుతెరువు. వయసు యాభై దాటింది. చుట్టుపక్కల లోయల్లో ఎవరింట్లో కంప్యూటరు మొరాయించినా, టీవీ పెన్‌డ్రైవును గుర్తుపట్టకపోయినా అతని గుమ్మమే తొక్కుతారు. విండోస్ రాసిన డిస్కును ఆపిల్ చదువుతుంది గాని దాని మీద రాయలేదనీ, ఆపిల్ రాసిన దాన్ని విండోస్ చదవనే చదవదనీ, ఊళ్లలోని పాత టీవీలు ఈ రెండింటినీ లెక్కచేయక పాతకాలపు ఫార్మాటే అడుగుతాయనీ అతను పాల టీ తాగుతూ విడమరిచి చెబుతాడు. వినేవాళ్లు తలలూపుతారు. ఆ తలలూపడం అతనికి ఇష్టం.

బ్యాకప్ అంటూ అక్కడ ఎవరూ విడిగా ఉంచుకోరు. పెళ్లివారికిచ్చిన పెన్‌డ్రైవ్ అన్నదమ్ముల ఇళ్లకూ, అక్కడినుంచి వియ్యాలవారి ఇళ్లకూ తిరుగుతుంది. ప్రతి ఇంట్లోనూ ఒక కాపీ మిగులుతుంది. "నా దగ్గర పోతే మాత్రమేం? మీ చుట్టరికమే నాకు హార్డ్ డిస్క్" అని ఎసెన్‌కుల్ నవ్వేవాడు. తన డిస్కు నిండినప్పుడల్లా పాత పెళ్లిళ్లను ఆ ధైర్యంతోనే చెరిపేసేవాడు.

మంచు కరిగే రోజుల్లో అట్‌బాషి నుంచి ఐజిరెక్ వచ్చింది. బడిలో పాఠాలు చెప్పే మనిషి. చేతిలో మీగడ సీసా, సంచిలో ఒక పెన్‌డ్రైవ్.

"బైకే, అమ్మ సంవత్సరీకం దగ్గర పడింది" అంది, పెద్దన్నను పిలిచినట్టు. "ఒముర్జాక్ మామ కొడుకు పెళ్లిలో అమ్మ మైకు పట్టుకుని దీవెన చెప్పింది. ఆవిడ గొంతు ఇంకెక్కడా లేదు. ఫోన్‌లో కూడా మాట్లాడేది కాదు కదా, దూరంగా పెట్టి 'ఆ, ఆ' అనేది. విందు రోజు వినిపిద్దామని చూస్తే వడ్డన అవుతుండగానే వీడియో డాన్సులోకి దూకేస్తోంది. పెన్‌డ్రైవ్ పాడైనట్టుంది."

ఎసెన్‌కుల్ దాన్ని అందుకున్నాడు. అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఆ పెళ్లయిన కొత్తలో మామ ఇంట్లో అందరం కూర్చుని చూశాం" అని ఆమె చెప్పుకుపోయింది. "అమ్మ తన వంతు కోసం తలగుడ్డ సర్దుకుని మరీ కూర్చుంది. డాన్సు వచ్చేసరికి లేచి టీ పెట్టడానికి వెళ్లింది. 'నేను బాగా మాట్లాడలేదు కాబోలే, తీసేశారు' అంది. నేను కసిరాను. ఎసెన్ బైకే అలాంటి మనిషి కాదు, ఆయన దగ్గర అసలుది ఉంటుంది అని."

"చూస్తాను చెల్లీ" అన్నాడతను.

ఆమె వెళ్లాక భార్య షారాపత్ గదిలోకి తొంగి చూసింది. "ఏమిటా మొహం? మీగడ పులిసిందా?"

"ఏం లేదు."

పెన్‌డ్రైవ్‌కు ఏమీ కాలేదని అతనికి తెలుసు. ఆనాడు ఒముర్జాక్ గుమ్మంలో నిలబడి తొందరపెట్టాడు. వీడియో అంతా ఒకే ఫైలుగా తయారైంది. టీవీ చదివే ఆ పాత ఫార్మాట్‌లో నాలుగు గిగాబైట్లు దాటిన ఫైలు పట్టదు. రెండు ముక్కలు చేసి ఉండవచ్చు. కానీ మొదటి ముక్క అయిపోగానే టీవీ ఆగిపోతుంది, సగమే ఇచ్చాడంటారు. కుదించి మళ్లీ తయారు చేయడానికి ఒక పూట పడుతుంది. ఎక్కువైంది కాస్తే. ఎక్కడ కోస్తే ఎవరూ అడగరా అని చూశాడు. ఆడపిల్లవారి మాటలు కోస్తే పోట్లాటకొస్తారు. పెద్దల మాటలు ముట్టుకోకూడదు. చివర్లో పిలిచిన బురుల్చా, ఐజిరెక్ తల్లి, పెళ్లికొడుకు మేనత్త, భర్త పోయిన మనిషి, గోడ పక్క బల్ల దగ్గర కూర్చున్న మనిషి. ఆవిడ అడగదు.

అసలు ఫైలు ఆ మరుసటి ఏడాది పోయింది. పెద్ద డిస్కును విండోస్‌కూ ఆపిల్‌కూ కుదిరే కొత్త ఫార్మాట్‌లోకి మార్చాడు. మారిస్తే లోపలున్నదంతా పోతుందని అందరికీ చెప్పేవాడు అతనే. పెళ్లిళ్లన్నీ చుట్టాల ఇళ్లలో ఉన్నాయి కదా అనుకున్నాడు.

అయినా ఒముర్జాక్ ఇంటికి వెళ్లాడు.

"ఏమోయ్, మా పెళ్లి మీద ఇన్నాళ్లకు మనసైందా?" అని ఒముర్జాక్ టీవీ పెట్టాడు. వడ్డన, వెంటనే డాన్సు. "ఇక్కడేదో ఎగిరిపోయినట్టుందే! నాకెప్పుడూ తట్టలేదు సుమా." ఎగిరిపోయినవి తన చెల్లెలి మాటలని ఆయనకు అప్పటికీ తట్టలేదు. ఎసెన్‌కుల్ చెప్పలేదు. మిగతా ఇళ్లలో ఉన్నవీ దీని కాపీలే.

ఐజిరెక్‌కు ఫోన్ చేసి, "పెన్‌డ్రైవ్ పాడైంది, ఎక్కడా దొరకలేదు" అన్నాడు.

"దొరక్కపోతే మీ తప్పా బైకే? ఇంత తిరిగారు. విందుకు మాత్రం రాకపోతే ఊరుకోను."

వెళ్లాడు. గుడారంలో గుమ్మం దగ్గర కూర్చోబోతే ఒముర్జాక్ చెయ్యి పట్టుకుని లోపలికి, పెద్దల వరుసలోకి లాక్కుపోయాడు. గుర్రం మాంసంలో పెద్దలకిచ్చే తుంటి ముక్క తీసి అతని ముందు పెట్టించాడు.

"మన పోయినవాళ్లూ ఉన్నవాళ్లూ అందరూ ఇతని దగ్గర భద్రం" అన్నాడు పక్కనున్న ముసలాయనతో.

"అయితే నన్ను కూడా కాస్త పడుచుగా దాచిపెట్టవయ్యా" అన్నాడాయన. అందరూ నవ్వారు. ఎసెన్‌కుల్ కత్తి తీసుకుని మాంసం మీద ఆనించాడు. కోయలేకపోయాడు. నీళ్లకని చెప్పి బయటికి వచ్చాడు.

గుడారం వెనక ఐజిరెక్ టీ నీళ్లు కాచే సమోవార్‌లో పుల్లలు వేస్తోంది.

"చెల్లీ, ఆ పెన్‌డ్రైవ్ పాడవలేదు."

"మరి?"

"నేనే తీసేశాను. ఫైలు పట్టలేదు. టీవీలకు పాత ఫార్మాట్ అయితేనే... దాంట్లో నాలుగు గిగాబైట్లు దాటితే..." తన గొంతు పాఠం చెప్పే గొంతులా వినిపించి ఆపేశాడు. "పట్టక కాదు. ఎవరూ అడగరనుకున్నాను."

ఆమె చేతిలోని పుల్ల చేతిలోనే ఉంది.

"అడగలేదు కదా" అంది. "సరిగ్గానే అనుకున్నారు."

అతను టోపీ తీసి చేతుల్లో నలిపాడు.

"అమ్మ ఏం చెప్పింది?"

"మైకు పట్టుకుని చాలాసేపు ఊరికే నిలబడింది. విందు నడిపేవాడు లాక్కోబోయాడు. ఇవ్వలేదు."

"మా అమ్మా?"

"చెయ్యి వెనక్కి దాచుకుంది."

ఐజిరెక్ నవ్వబోయి పెదవి కొరుక్కుంది. "తర్వాత?"

"మొదట 'నా బిడ్డలారా' అంది. చివర్లో 'ఓమిన్' అని దీవెన ముగించి అరచేతులతో మొహం తుడుచుకుంది. బల్లల దగ్గరివాళ్లూ తుడుచుకున్నారు."

"మధ్యలో?"

ఎసెన్‌కుల్ నోరు తెరిచాడు. పెళ్లిలో చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని ప్రతి మాటా విన్నవాడు అతనే. కోసేటప్పుడు మళ్లీ విన్నాడు. అప్పుడు కావలసింది ఎక్కడ మొదలయిందో, ఎక్కడ అయిపోయిందో, ఆ రెండు చోట్లే. మధ్యలోది ఒక్క మాటా గుర్తు లేదు.

"మధ్యలో ఏమంది బైకే?"

లోపల్నుంచి ఎవరో టీ కోసం కేకేశారు. ఆమె కదల్లేదు. అతని మొహంలోకి చూస్తూ అలాగే నిలబడింది.