ఎర్ర నల్లా నీళ్ళు

మేం కొత్తగా అద్దెకు తీసుకున్న ఫ్లాట్‌లో సింకుకు విడివిడిగా రెండు నల్లాలున్నాయి, వేడినీళ్ళకు ఎరుపు, చన్నీళ్ళకు నీలం. చూడగానే చిన్నప్పుడు మేమున్న మస్కట్ దార్సైట్‌లో, నా లెక్క ప్రకారం, నానమ్మ చనిపోయిన మధ్యాహ్నం గుర్తొచ్చింది.

ఆ రోజే స్కూలు లైబ్రరీ పుస్తకంలో చదివాను. ఇంగ్లండులో పాత ఇళ్ళల్లో వేడినీళ్ళు అటక మీది తొట్టి నుంచి వస్తాయట. అందులో ఎలుకలు పడి చస్తాయని ఆ నీళ్ళు ఎవరూ తాగరట.

మస్కట్ ఎండాకాలంలో వ్యవహారం తలకిందులు. మిద్దె మీది ట్యాంకు కాగిపోయి నీలం నల్లా కింద చెయ్యి కాలుతుంది. అందుకే గీజర్ ఆపేసి, అందులో చల్లారిన నీళ్ళు ఎర్ర నల్లాలోంచి పట్టుకుంటాం.

నేను ఇంటికొచ్చేసరికి, కరీంనగర్ నుంచి వచ్చిన నానమ్మ ఎర్ర నల్లా కింద దోసిలి పట్టి గటగటా తాగుతోంది. తాగి చాప మీద పడుకుంది. ఏసీ మోతలో ఆమె ఊపిరి వినపడలేదు. ముక్కు కింద వేలు పెట్టాను. ఏసీ గాలికి వేలికి ఏమీ తెలియలేదు.

"నానమ్మా!"

"ఏందిరా?" కళ్ళు తెరవకుండానే నా వేలు పక్కకు తోసింది.

"ఎర్ర నల్లా నీళ్ళల్ల ఎలుక చచ్చి ఉంటదట, ఇంగ్లండ్‌ల!"

"ఇంగ్లండ్‌ల చస్తే నేనెందుకు లేవాల్రా? మీ అమ్మను చాయ్ పెట్టుమను."

సాయంత్రం నాన్న చెప్పాడు, రెండు నల్లాలకూ పైన ట్యాంకు ఒక్కటేనని. అంటే పోతే అందరం కలిసే పోతాం. కొంత ఊరట కలిగింది.

ఆ రోజు నుంచి నేను గదిలోకి వస్తే చాలు, నానమ్మ గట్టిగా గురకపెట్టేది. ముసలితనం అనుకున్నాను. నేను గది దాటగానే ఆ గురక ఎందుకు ఆగిపోయేదో ఇప్పుడు, ఈ సింకు ముందు అర్థమైంది.